రొయ్యల కోసం మొక్కిన వ్రతం

పీటల మీద కూర్చోబోతూ నా భార్య మాణిక్యం మెల్లిగా అంది.

"ఏవండీ, అయిదు కథలూ కూర్చోగలనో లేదో. మధ్యలో లేస్తే ఏమనుకోకండి."

ఈ సత్యనారాయణ వ్రతం నేను రొయ్యల కోసం మొక్కింది. ఐ.పోలవరం దగ్గర మా చెరువుకి వేసవిలో పేగు తెగులు తగిలింది. రోజుకి నాలుగుసార్లు, మేత తింటున్నాయో లేదో చూడ్డానికి నీళ్ళలో దించే చెక్ ట్రే పైకి లాగి, రొయ్యని వెలుగుకి పట్టి, పేగులో మేత గీత నిండుగా ఉందో మధ్యలో తెగిందో చూసుకునేవాణ్ణి. ప్రోబయోటిక్ పొడి బెల్లం నీళ్ళలో పులియబెట్టి మేతకి పట్టించేను. మంచి సూక్ష్మజీవులు పేగులో చోటు పట్టేస్తే చెడ్డవి నిలవలేవని మేత కంపెనీ ఆయన చెప్పేరు. మంచివి చస్తాయని ఆ వారం బ్లీచింగ్ కూడా చల్లనివ్వలేదు. పంట దక్కింది.

అదే వేసవిలో మాణిక్యానికి విరోచనాలు పట్టుకున్నాయి. మందుల షాపులో అడిగి యాంటీబయోటిక్ తెచ్చిచ్చేను. తగ్గేది, మళ్ళీ వచ్చేది. మళ్ళీ అవే బిళ్ళలు. జాకెట్లన్నీ వదులైపోయేక అమలాపురం తీసుకెళ్ళేను.

డాక్టరమ్మగారు పరీక్షలు చూసేరు. "మొదటిసారిది బహుశా దానంతటదే తగ్గేది. ఆ బిళ్ళలు పేగులో మంచివాటినీ చంపేసేయి. ఆ ఖాళీలో చెడ్డవి పాతుకున్నాయి."

"ప్రోబయోటిక్ వాడితే కుదురుకుంటుందాండీ?"

"ఆ మాట మీకెలా తెలుసు?"

"రొయ్యలకి వేస్తామండి."

ఆవిడ మందుల చీటీ ముందుకి లాక్కున్నారు. "ముందు దీనికి వేరే మందుంది. ప్రోబయోటిక్ అందరికీ పనిచెయ్యదు. కోలుకోడానికి నెలలు పట్టొచ్చు."

మాణిక్యం నవ్వింది. "నన్నూ ఓసారి వెలుగుకి పట్టి చూడాల్సిందండీ."

వ్రతంలో మూడో కథ దగ్గర పీటల మీంచి లేచింది. శాస్త్రిగారు పుస్తకంలో వేలు పెట్టుకుని ఆగేరు. మళ్ళీ తలస్నానం చేసి, తడిజుట్టుతో వణుకుతూ వచ్చి కూర్చుంది. నాలుగో కథలో మళ్ళీ లేచింది. ఈసారి రాలేదు.

"ఏం చేద్దామండీ?" అన్నారు శాస్త్రిగారు.

నేను స్వామి పటం వైపు చూసేను. అడిగింది ఇచ్చేడు. అడగనిది ఎందుకివ్వలేదని ఏ మొహంతో అడగను? ఇంట్లో మనిషి సంగతి ఆయనకి నేను చెప్పాలా? చెప్పాలేమో. చెప్పలేదు.

పెరట్లోంచి మాణిక్యం గొంతు వినిపించింది.

"నా కోసం ఆపకండి. కానిచ్చేయండి. రొయ్యల మొక్కే కదా."