ఎడమవైపు ఒరిగిన బండి

డెల్మర్ నేపియర్ పికప్ బండి ఎడమవైపుకి ఒరిగిందని అందరికంటే ముందు కనిపెట్టింది దాణా కొట్టు హోబర్ట్.

"ఏం వేడ్, మీ మామ బండికి తుంటి గానీ జారిందా?" అన్నాడు బస్తా ఎత్తుతూ. కొట్లో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. వేడ్ కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ బండిని ఎత్తు చేసింది వేడే. కెంటకీ కొండల్లో వానొస్తే వాగు రోడ్డెక్కుతుంది. మామూలు బండైతే మధ్యలోనే నిలిచిపోతుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో డెల్మర్ అల్లుణ్ని నోరు తెరిచి అడిగిన పని అదొక్కటే. వేడ్ పక్క కౌంటీవాడు. "అక్కడివాళ్లకి కబుర్లెక్కువ, పనితనం తక్కువ" అని పెళ్లికి ముందే కూతురు లియోనాతో అనేసిన మనిషి ఆయన. అందుకే వేడ్ ఆ వేసవంతా ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేశాడు. ముందు పొడుగు స్ప్రింగులు, వెనక కమాన్ పట్టీల కింద ఇనుప దిమ్మలు వేశాడు. బిగించిన బోల్టునే మళ్లీ బిగించాడు. బండి నిటారుగా నిలబడింది. డెల్మర్ చుట్టూ తిరిగి చూసి "ఊఁ" అన్నాడు. ఆయన నోట అదే పెద్ద మెచ్చుకోలు.

ఆకులు రాలే వేళకి బండి ఒరిగింది. చర్చి ముందు ఆపినా, కొట్టు ముందు ఆపినా ఎవరో ఒకరు తల పక్కకి వంచి చూసి నవ్వడం మొదలైంది. డెల్మర్ మాత్రం అల్లుణ్ని ఒక్క మాట అనలేదు. "కొత్త స్ప్రింగులు కదా, సర్దుకుంటాయిలే" అని ఊరుకున్నాడు. తిట్టినా బావుండేది అనిపించింది వేడ్‌కి.

ఒక శనివారం పొద్దున్నే బండిని ఊరి ఫైరింజను ఉంచే షెడ్డుకి తోలుకెళ్లాడు. ఆ చుట్టుపక్కల చదునైన గచ్చు అక్కడే ఉంది. డెల్మర్ కూడా వచ్చి, బకెట్ బోర్లించుకుని కాఫీ గ్లాసుతో కూర్చున్నాడు.

"ఎందుకొచ్చిన శ్రమ అల్లుడూ? నడుస్తోంది కదా."

"నలుగురూ నన్ను చూసి నవ్వుతున్నారు మావయ్యా."

డెల్మర్ కాఫీ తాగాడు.

నాలుగు టైర్లలో గాలి సమానంగానే ఉంది. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు పెడితే ఎడమవైపు అంగుళమున్నర తక్కువొచ్చింది. స్ప్రింగు కుంగిందేమో అనుకున్నాడు. ముందు స్ప్రింగులు రెండూ ఊడదీసి, కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్చాడు. తప్పు స్ప్రింగుదైతే ఒరుగుడు కూడా దానితోపాటే పక్క మారాలి. మధ్యాహ్నానికి జాకీ దించి చూస్తే బండి మళ్లీ ఎడమవైపుకే ఒరిగింది.

"ఇక వదిలెయ్యవయ్యా" అన్నాడు డెల్మర్.

వేడ్ వదల్లేదు. బండి కిందికి దూరి ఇరుసు నుంచి ఛాసిస్ చట్రం దాకా కొలిచాడు. రెండు వైపులా ఒకటే. మళ్లీ కొలిచాడు. అదే కొలత. అంటే స్ప్రింగులకీ దీనికీ సంబంధమే లేదు. తను చేసిన పనంతా తిన్నగానే ఉంది. ఛాసిస్‌కి పైనే, క్యాబిన్‌తోనే ఏదో తేడా వచ్చింది.

లైటు పట్టుకుని ఎడమవైపుకి జరిగాడు. అక్కడి బండ్లలో డ్రైవరు కూర్చునేది ఆ పక్కే. అతని కాళ్ల కింద క్యాబిన్‌ని మోసే ఇనుప చెయ్యి ఉంటుంది. దాని వెల్డింగు చీలి, వెనక్కి మడతపడి కిందికి వేలాడుతోంది. దాని మీది రబ్బరు దిమ్మ రెండు ముక్కలైంది. చీలికలో బూడిదరంగు రాతిపొడి ఇరుక్కుని ఉంది.

వేడ్ కదలకుండా అలాగే పడుకున్నాడు. ఆ పక్క తలుపు కింద కాలు పెట్టే మెట్టు లేదు. లొడలొడమంటోందని తీసేశానని మామ చెప్పాడు. ఇంటి మలుపులో కల్వర్టు రాయి పడిపోయి ఉంటే, ఎవడో కలప లారీవాడు గుద్దిపోయాడని చెప్పాడు. 'అన్నీ తెలిసే, ఊరంతా నన్ను చూసి నవ్వుతుంటే చూస్తూ కూర్చున్నాడు' అనిపించింది. బయటికొచ్చి నాలుగు కడిగేద్దామనుకున్నాడు. ఇంతలో కూతురు మేసీ గుర్తొచ్చింది. బడి వదిలాక రోజూ దాన్ని ఈ బండిలో ఇంటికి తెచ్చేది తాతే.

"మావయ్యా, కల్వర్టు రాయి గుద్దినప్పుడు మేసీ ఉందా బండిలో?" అన్నాడు కింద నుంచే.

బకెట్ కదిలిన చప్పుడైంది.

"లేదు. ఒట్టు. నేనొక్కణ్నే ఉన్నా."

వేడ్ బయటికొచ్చాడు. డెల్మర్ గ్లాసులోకి చూస్తున్నాడు.

"చూసుకోక కాదురా. ఆ రాయి నాకు కనపడలేదు. ఎడమ కంటికి ఆ పక్కంతా మసకే. ఎండాకాలం నించీ."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్తే మీ ఆవిడ తాళాలు లాక్కుంటుంది."

"లాక్కుంటుంది మరి."

"అప్పుడు ఆ కొండ మీద గుంజకి కట్టేసినట్టు కూచుని నేనేం చెయ్యను?" గ్లాసు నేల మీద పెట్టాడు. "నిన్ను వాళ్లు అంటుంటే నాకూ బాధగానే ఉండేదిరా. నోరు రాలేదు."

వేడ్ చేతులు తుడుచుకున్నాడు. పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"లియోనాకి మీరే చెప్పండి. నా నోట వింటే ఇంకా బాధపడుతుంది."

ఆ సాయంత్రం చిక్కుళ్ల పులుసు, మొక్కజొన్న రొట్టె ముందు పెట్టుకుని డెల్మరే చెప్పాడు. లియోనా తిట్టింది, ఏడ్చింది, మళ్లీ తిట్టింది. తర్వాతి వారం తండ్రిని పట్నంలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. కంట్లో ఒత్తిడి పెరిగిందనీ, ఎడమ కంట్లో పోయిన చూపు తిరిగి రాదనీ, చుక్కలు మానకుండా వేస్తే కుడి కన్ను దక్కుతుందనీ డాక్టరు చెప్పాడు. డెల్మర్ ఎదురు మాట్లాడకుండా తాళాలు కూతురి చేతిలో పెట్టాడు.

వేడ్ ఇనుప చేతిని తిన్నగా చేసి వెల్డింగు పెట్టాడు, కొత్త రబ్బరు దిమ్మ వేశాడు. బండి లేచి నిలబడింది. ఆదివారం చర్చి ముందు దాన్ని చూసి హోబర్ట్ ఈల వేశాడు.

"మొత్తానికి అల్లుడికి పని వచ్చిందే!"

వేడ్ మామూలుగా నవ్వబోయాడు. ఈలోగా పక్క సీటు తలుపు తెరుచుకుంది.

"వాడి పని మొదట్నించీ తిన్నగానే ఉంది హోబర్ట్. రాయి గుద్ది వంకర చేసింది నేను. నాకు ఎడం కన్ను కనపడదు. నవ్వాలనుంటే నన్ను చూసి నవ్వండి" అన్నాడు డెల్మర్, అందరికీ వినపడేలా.

ఎవరూ నవ్వలేదు. హోబర్ట్ టోపీ తీసి, "పెద్దాయనా, నాకు తెలీదు" అన్నాడు.

ఇప్పుడు మేసీని బడి నుంచి తెచ్చేది వేడ్. తాత కూడా పక్క సీట్లో కూర్చుని వెళ్తాడు. బ్రేకు మరీ ముందే తొక్కుతున్నాడనీ, పక్క కౌంటీవాళ్లంతా ఇంతేననీ దారి పొడుగునా సణుగుతూనే ఉంటాడు.