పొగ రాని ఉదయాలు

తెల్లవారుతోంది గానీ వెలుగు ఇంకా వాకిట్లోకి దిగలేదు. మంచు గేటు దాకా వచ్చి, లోపలికి రావాలా వద్దా అని తటపటాయిస్తున్నట్టు అక్కడే నిలిచింది. అక్క శాలువా తలమీదుగా కప్పుకుని వ్యాన్ వెనక నిలబడింది. చెల్లెలు ఆసుపత్రికి వెళ్లే ప్రతి ఉదయమూ ఆమె చోటు అదే.

చెల్లెలికి వారానికి మూడుసార్లు డయాలసిస్. కొండ కింద పట్నంలో ఏడింటికల్లా మంచం ఎక్కాలి. చలి మొదలైన దగ్గర్నుంచీ డీజిల్ వ్యాన్ మొరాయిస్తోంది. రెండుసార్లు ఆలస్యమైతే ఆ మంచం వేరేవాళ్లకు ఇచ్చేశారు. చెల్లెలి కొడుకు ఆసుపత్రి పక్కనే ఒక గది చూసిపెట్టాడు. "రేపు కూడా బండి కదలకపోతే నేనే వచ్చి అమ్మను తెచ్చేసుకుంటాను. చలికాలమంతా ఇక్కడే ఉంటుంది" అని నిన్న ఫోన్‌లో తేల్చి చెప్పాడు.

ఆ మాట అక్క చెవిలో చీమలా తిరుగుతూనే ఉంది. భర్త పోయాక మొన్న వేసవిలో ఆమె చెల్లెలి ఇంటికి వచ్చింది. ఎన్ని ఏళ్లయిందో, అక్కాచెల్లెళ్లు మళ్లీ ఒకే గదిలో పడుకుని! దీపం ఆర్పాక కూడా చెల్లెలు ఏదో అడుగుతుంది, అక్క ఏదో చెబుతుంది, ఎవరి మాట సగంలో నిద్రలోకి జారిందో పొద్దున ఇద్దరికీ గుర్తుండదు. ఇప్పుడు ఆ రెండో మంచం ఖాళీ అవుతుందేమో.

మేస్త్రి మంచులోంచి చేతిసంచీతో వచ్చాడు. వీధి చివర డీజిల్ బళ్లు బాగుచేసే షెడ్డు ఆయనదే. తను వచ్చేదాకా తాళం తిప్పొద్దని ముందే చెప్పి ఉంచాడు. వేడెక్కిన బండి ఏ జబ్బూ లేనట్టు నటిస్తుందట.

"బ్యాటరీ కొత్తది మేస్త్రీ. హీటర్ ప్లగ్గులు నాలుగూ కొత్తవే. ఇక దాని కాళ్లు పట్టుకోవడమే మిగిలింది" అన్నాడు చెల్లెలి భర్త, చేతులు రుద్దుకుంటూ.

"కాళ్లెక్కడివి బాబాయ్, చక్రాలే కదా! ముందు తాళం తిప్పు."

ఇంజన్ గిరగిరా తిరిగింది, అంటుకోలేదు. మేస్త్రి ఆపమని చెయ్యి ఊపి, చిన్న దీపం కట్టిన తీగను ఒక్కో ప్లగ్గుకూ తాకించి చూశాడు. నాలుగుసార్లూ దీపం వెలిగింది.

"వీటికేం రోగం లేదు. వెనక పొగేమైనా వచ్చిందా?"

"నేను స్టీరింగ్ ముందు కూచుంటే నాకేం తెలుస్తుంది?"

"రాలేదు" అంది అక్క వెనకనుంచి. ఇద్దరూ తిరిగి చూశారు. ఆమె కాస్త తడబడింది. "రోజూ ఇంతే నాయనా. ఎనిమిదోసారో తొమ్మిదోసారో తిప్పాక తెల్లగా, దారప్పోగంత వస్తుంది. అది కనిపించాక ఇంకో రెండుసార్లకు అంటుకుంటుంది."

"అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు పెద్దమ్మా?"

"మరి నేను చూసేది ఆ పొగే కదా! చెల్లిని తీసుకుపోతుంటే ఇక్కడ నిలబడి ఇంకేం చూడను?"

మేస్త్రి తుడుపుగుడ్డ భుజాన వేసుకున్నాడు. "పొగ వస్తూ అంటుకోకపోతే డీజిల్ అందుతోంది, చలికి మండడం లేదని. పొగే లేదంటే అసలు డీజిలే అందట్లేదు. మోకాలు నొప్పికి తలకు మందు రాశావు బాబాయ్."

వ్యాన్‌లో దుప్పట్లో ముడుచుకుని కూచున్న చెల్లెలు అద్దం దించింది. "అక్కా, రేపట్నుంచి ఆ శాలువా తీసేసి ఖాకీ చొక్కా తొడుక్కో. మా ఆయన్ని నీ దగ్గర పనికి పెట్టుకుందువు గాని."

"నోరు మూసుకుని అద్దం ఎత్తు. చలిగాలి" అని కసిరింది అక్క.

మేస్త్రి డీజిల్ ఫిల్టర్ తర్వాత ఉన్న గొట్టాన్ని విప్పి, దాని చోట అద్దంలాంటి సన్నని గొట్టం బిగించి, టార్చి అక్క చేతికిచ్చాడు. ఫిల్టర్ మీది చేతిపంపును బొటనవేలితో నొక్కాడు. అది దూది దిండులా మెత్తగా దిగిపోయింది. నొక్కగా నొక్కగా గొట్టంలోకి లేత పసుపురంగు డీజిల్ వచ్చింది. దాని వెంట బుడగలు వచ్చాయి.

టార్చి వెలుగులో అవి ఒక్కొక్కటే పైకి కదులుతున్నాయి. కొన్ని జంటగా, కొన్ని వెనకబడి. ఒకటి ఆగి, రెండోది వచ్చేదాకా చూసినట్టే చూసి, దాన్ని కలుపుకుని సాగిపోయింది. అక్క రెప్ప వెయ్యడం మరచిపోయింది. వాకిలీ చలీ ఎటో పోయాయి, ఆ పసుపు దారిలో తానూ ఎక్కడికో వెళుతున్నట్టుంది.

"పెద్దమ్మా, వెలుగు ఇటు."

ఆమె ఉలిక్కిపడి టార్చి తిప్పింది. ట్యాంకు నుంచి ఫిల్టర్‌కు వచ్చే రబ్బరు గొట్టాన్ని మేస్త్రి పిడికిట్లో బిగించాడు. బుడగలు పలచబడి ఆగిపోయాయి. వదిలేశాడు. మళ్లీ వచ్చాయి.

"ఇదిగో దొంగ. చలికి రబ్బరు బిగుసుకుని ఈ పగుళ్లలోంచి గాలి పీలుస్తోంది. రాత్రంతా డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతోంది. కానీ ఇది నిన్నటి పగులు కాదే. పోయిన చలికాలం ఎలా అంటుకుంది?"

"ఏ పేచీ పెట్టలేదు మరి."

"అయితే ఈ ఏడు ఏదో మారింది. ఏం మార్చారు?"

చెల్లెలి భర్త వంగి, అక్కర్లేకపోయినా చెప్పు సర్దుకున్నాడు.

అక్కకు అర్థమైంది. వాకిలి గేటు నుంచి ఇంటివైపు ఎత్తుగా ఉంటుంది. నిరుడు వ్యాన్ ముఖం గేటువైపు ఉండేదట. గేటుకేసి చూస్తున్న బండి కంటపడితే అక్కకు ముద్ద దిగదు. పెళ్లయిన మర్నాడు తనను ఈ చెల్లెలి పక్కనుంచి తీసుకుపోయిన బస్సు, చివరిసారి భర్తను ఎక్కించుకున్న బండి, అన్నీ అలా బయటికి చూస్తూ నిలబడినవే. అందుకని వచ్చిన వారంలోనే మరిదిని బతిమాలి వ్యాన్ ముఖం ఇంటివైపు తిప్పించింది. ఆయన నవ్వి, సరేనన్నాడు. అప్పట్నుంచీ రోజూ ఆ మాట తప్పలేదు.

తను నిశ్చింతగా నిద్రపోయిన రాత్రులన్నీ డీజిల్ చుక్కచుక్కగా వెనక్కి నడిచి వెళ్లిందన్నమాట. చెప్పకుండా ఊరుకుంటే ఎవరూ అడగరు. మరిది ఎలాగూ నోరు విప్పడు.

"నేనే నాయనా" అంది. "ముందు భాగం మెరకవైపు పెట్టించింది నేనే. నేను వచ్చాకే ఇదంతా."

"అబ్బే, గొట్టం పాతదైతే వదినగారేం చేస్తారు?" అన్నాడు మరిది గబగబా.

"గొట్టానిదే తప్పు. కానీ లెక్క ఇప్పుడు సరిపోయింది. ఇంజన్ పైన, ట్యాంకు కింద. జారక ఏం చేస్తుంది?" మేస్త్రి సంచీలోంచి కొత్త గొట్టం తీశాడు. "ఇది వేస్తే ఎటు తిప్పి పెట్టినా ఒకటే. మీరు దిగులు పడకండి పెద్దమ్మా. ఆ పొగ సంగతి మీరు చెప్పకపోతే నేను ఇంకా ప్లగ్గుల దగ్గరే ఉండేవాణ్ని."

పాత గొట్టం ఊడింది, కొత్తది ఎక్కింది, క్లిప్పులు బిగిశాయి. చేతిపంపు ఈసారి తొందరగా గట్టిపడింది. ఆరుంబావుకు మరిది తాళం తిప్పాడు. తెల్లటి పొగ ఒక్కసారి గుప్పున వచ్చి మంచులో కలిసిపోయింది. ఇంజన్ నిలకడగా మోగింది.

ఎన్ని ఉదయాలు ఆ బండి మొండికేసిన పావుగంటలో అక్క చెల్లెలి దుప్పటి సర్దింది, మాత్రలు గుర్తుచేసింది! ఇవాళ వ్యాన్ అప్పుడే వెనక్కి తిరుగుతోంది. చెయ్యి ఎత్తేలోగానే గేటు దాటింది.

"వాడికి ఫోన్ చెయ్ అక్కా!" కిటికీలోంచి చెల్లెలి అరుపు వచ్చింది. "గది వద్దని చెప్పు!"

అక్క నంబరు నొక్కింది.

"ఏంటి పెద్దమ్మా, కదల్లేదా?" చెల్లెలి కొడుకు గొంతులో నిద్ర ఉంది.

"ఒక్క తాళానికే అంటుకుంది."

"ఇవాళ సరే, ఎల్లుండి?"

"ఎల్లుండీ అంటుకుంటుంది. విను. పొగ లేదంటే డీజిల్ అందట్లేదని..." ఆమె మొదలుపెట్టింది. చేతిపంపు ఎంత మెత్తగా దిగిందో చెప్పింది. బుడగలు ఎలా ఆగాయో చెప్పింది. బండిని అలా పెట్టించింది తానేనని కూడా దాచకుండా చెప్పింది. అవతల వాడు రెండుసార్లు ఆవలించి, చివరికి నవ్వేశాడు.

"సరే పెద్దమ్మా, సరే. గదివాళ్లకు వద్దని చెప్పేస్తాలే. నన్ను పడుకోనివ్వు."

ఫోన్ పెట్టేసి ఆమె చెవి రిక్కించింది. కొండ దారిలో ఏ చప్పుడూ లేదు. వ్యాన్ ఏ మలుపులో వినిపించడం మానేసిందో ఆమెకు తెలియనే తెలియదు.