మెట్టలో దమ్ము

ఆదివారం వచ్చిందంటే అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ట్రాయ్‌లోని తెలుగువాళ్లు వీరాంజనేయులు మొక్కజొన్న చేను చూడ్డానికి కార్లు వేసుకుని వెళ్లేవారు. కార్ల కంపెనీలో ఉద్యోగం ఊడినా దిగులుపడక, గంట దూరంలో భూమి కౌలుకు తీసుకుని సేద్యం చేస్తున్న మనిషంటే వాళ్లకు గౌరవం. ఆయన భార్య మీనాక్షి అందరికీ మజ్జిగ ఇచ్చేది. వసంతంలో వెళ్లినవాళ్లు పిండిలా దున్నిన ఆ నేలను మెచ్చుకునేవారు. తప్పంతా ఆ దున్నడంలోనే ఉందని ఎవరికీ తోచలేదు.

వీరాంజనేయులు తెనాలి దగ్గర వరి పండించే ఇంట పుట్టాడు. వరికి దమ్ము చేస్తారు. మడికి నీళ్లు పెట్టి బురదగా దున్నితే అడుగున నేల గట్టిపడి, నీళ్లు ఇంకిపోకుండా నిలుస్తాయి. వరికి అది మేలే. ఈయన ఆ అలవాటునే మిషిగన్ మెట్టకు తెచ్చాడు. మంచు కరిగి నేల ఇంకా తడిగా ఉండగానే ట్రాక్టర్ దింపి, ఒకే లోతున మళ్లీ మళ్లీ దున్నేవాడు. ఆపైన సూపర్ ఫాస్ఫేట్ ఎరువును వరిమడిలో చల్లినట్టే పైపైన చల్లేవాడు. నేల ఆరనిచ్చి దున్నమని పక్క రైతులు చెబితే నవ్వేవాడు. రైతుబిడ్డకు సేద్యం నేర్పేదేమిటని ఆయన ధీమా. మనలో చాలామందికి ఉన్న జబ్బే అది. మన ఊళ్లో నిజమైనది లోకమంతటా నిజమేననుకుంటాం.

వానలు బాగా పడ్డ ఏళ్లలో పైరు ఏదో విధంగా గట్టెక్కింది. 1988లో వానలు మొహం చాటేశాయి. జూలైకల్లా ఆయన చేలో ఆకులు చుట్టుకుపోయాయి, కంకులు గింజ పట్టలేదు. దిగుబడి తగ్గుతోందని భూమి యజమానురాలు మిసెస్ కార్వర్ అంతకుముందే హెచ్చరించింది. ఈ పంట చూశాకే కౌలు సంగతి అంది. అది పోతే ఆ దంపతులకు వేరే ఆధారం లేదు. ఆయన కంగారుగా మరోసారి ఎరువు చల్లాడు. పైరు కోలుకోలేదు. రోడ్డు అవతలి చేను మాత్రం వాడుతూనే గింజ పట్టింది. వాన ఇద్దరికీ ఒకటే కదా అన్న ప్రశ్న ఆయన్ను తొలిచేసింది.

మీనాక్షి పోరగా పోరగా, యూనివర్సిటీలో నేలల మీద పరిశోధన చేసే జయంతిని పిలిపించాడు. ఆమె ఆకుల వంక చూడలేదు. పార తీసుకుని గుంట తవ్వించింది. జానెడు లోతున పార దిగలేదు. అక్కడి దాకా వచ్చిన వేళ్లు ఇంకా దిగలేక పక్కకు తిరిగి పాకాయి. గడ్డపారతో ఆ గట్టి పొరను పగలగొడితే, కింద మట్టి చల్లగా, తడిగా ఉంది.

“ఫాస్ఫేట్ వేసినచోటే ఉండిపోతుందండీ, కిందికి దిగదు. పైమట్టి డ్రై అయిపోతే వేరు దాన్ని తీసుకోలేదు,” అంది జయంతి. “పైన ఎరువుంది, కింద నీళ్లున్నాయి. మధ్యలో ఈ పొరని మీరే తయారుచేశారు.”

నేల బాగా ఆరాక లోతుగా చీల్చాలనీ, ఎరువును విత్తనం పక్కన కాస్త లోతున వేయాలనీ ఆమె చెబుతోంది. వీరాంజనేయులు గుంట అంచున కూలబడ్డాడు. తడి మీదే నిలబడి పైరు దాహంతో చచ్చిందన్నమాట. ఆయనకు దుఃఖం ఆగలేదు.

సెప్టెంబరులో మిసెస్ కార్వర్ వచ్చింది. కరువు ఎవరినీ వదల్లేదు, నీ తప్పేముందని ఆమే ఓదార్చింది. మీనాక్షి ఊపిరి పీల్చుకుంది. తలూపి ఊరుకుంటే కౌలు నిలిచేది. ఆయన ఊరుకోలేదు. మిసెస్ కార్వర్‌ను గుంట దగ్గరికి తీసుకెళ్లి పక్కకు పాకిన వేళ్లు చూపించి, తాను దున్నిన తీరంతా చెప్పాడు. ఆమె వంగి ఆ గట్టి పొరను తట్టి చూసింది. నిజం చెప్పినందుకు థాంక్స్ చెప్పి, భూమిని రోడ్డు అవతలి రైతుకు ఇస్తానంది.

తిరిగి వస్తుంటే కార్‌లో మీనాక్షి ఏడ్చింది.

“ఆవిడే కరువు అంటుంటే మీరెందుకు చెప్పారండీ? మనమే మెల్లగా బాగుచేసుకునేవాళ్లం కదా.”

“ఆ నేల తేరుకోవాలంటే ఏళ్లు పడుతుంది. అది ఆవిడ భూమి. దానికేమైందో ఆవిడకి తెలియొద్దా?” అన్నాడు వీరాంజనేయులు. “ఇంకో కౌలు దొరకొచ్చు మీనాక్షీ, దొరక్కపోవచ్చు. మనం చేసిన తప్పుని వాన మీదకి నెట్టేస్తే మాత్రం, ఏ నేలా మనకి అన్నం పెట్టదు.”