సంగీతక్క షెడ్డు

సూర్యాపేటలో ఖమ్మం రోడ్డు మీద బీరన్నకు ఒక షెడ్డు ఉంది. పాత కార్లు బాగుచేయడంలో పాతికేళ్లు తిరిగిన చెయ్యి అతనిది. మూడేళ్ల కింద జాకీ జారి కాలు విరిగినప్పుడు, ఆరు నెలలు కుర్చీలో కూర్చునే భార్య సంగీతకు పని నేర్పాడు. షెడ్డు మూతపడకూడదని నేర్పాడు గానీ, ఆమె పనితనం తనను దాటిపోతుందని అనుకోలేదు.

మొదట్లో సంబరపడ్డాడు. "మా ఆమె గేర్‌బాక్స్ ఒక్కతే దించుతది" అని చాయ్ హోటల్లో చెప్పుకునేవాడు. కాలు అతుక్కుని మళ్లీ పనిలోకి వచ్చాక ఆ సంబరం నిలవలేదు. వచ్చినవాళ్లు అతన్ని దాటి లోపలికి చూస్తూ "అక్క లేదా?" అంటున్నారు. ఒకరోజు తుంగతుర్తి డ్రైవరొకడు తన ఫోన్లో షెడ్డు నంబరు చూపించాడు. నంబరు బీరన్నదే. పేరు మాత్రం "సంగీతక్క షెడ్డు" అని ఉంది. బయట బోర్డు మీద పదహారేళ్లుగా ఉన్న పేరు బీరన్నది. ఆ మధ్యాహ్నం అన్నం సగంలో వదిలేసి లేచాడు.

ఆ మంట చల్లారకముందే కోదాడ నుంచి శ్రీనాథ్ అనే లెక్చరర్ తన పాత అంబాసిడర్ తెచ్చాడు. వెనక బ్రేకులు పట్టడం లేదు.

"మేడం గారు ఉన్నారా అండీ?" అన్నాడు బీరన్న ముఖం మీదే. "ఇంతవరకు ఒక్క స్క్రూ కూడా మార్చలేదు. కాస్త జాగ్రత్తగా చేయించండి."

చేయించండి! చేయండి అనలేదు. బీరన్నకు ఆ మాట ముల్లులా దిగింది.

శ్రీనాథ్ వెళ్లాక సంగీత వెనక చక్రం విప్పి చూసింది. బ్రేకు డ్రమ్మును పట్టి ఉంచే రెండు స్క్రూలు తుప్పు పట్టి, చక్రం బిగించే హబ్బుకు అతుక్కుపోయాయి. వాటి చుట్టూ నూనె పోసింది.

"మిర్యాలగూడల పాత సామాన్ల దుకాణంల బ్రేకు షూలు దొరుకుతయట. పోయి తెస్త. నేనొచ్చేదాంక ఆ స్క్రూల జోలికి పోకయ్యా. జర నాననియ్యి."

ఆమె బస్సెక్కగానే బీరన్న లేచాడు. స్క్రూ విప్పడం నాకు చెబుతుందా? ఆమె వచ్చేసరికి డ్రమ్ము విప్పి నేల మీద పెట్టాలి. పెద్ద స్క్రూడ్రైవర్ పెట్టి ఒంట్లో బలమంతా వేశాడు. స్క్రూ తల మీది గాడి అరిగింది తప్ప అది కదల్లేదు. ఉలి పెట్టి సుత్తితో ఓరగా కొడుతూ పోయాడు. మధ్యాహ్నం దాటాక మొదటిది తిరిగింది. రెండోది మొరాయించింది. తొందరపడితే తెగుతుందని అతనికి తెలుసు. సంగీతకు ఆ మాట నేర్పిందే తను. అయినా ఇంకో దెబ్బ వేశాడు. టక్కున తల ఎగిరిపడింది. మొండెం హబ్బులోనే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే శ్రీనాథ్ ఫోన్ చేశాడు. "ఎంతవరకు వచ్చిందండీ?"

"ఒక స్క్రూ తెగింది సార్," అన్నాడు బీరన్న. తర్వాతి మాట దానంతటదే జారింది. "మా ఆమె జర తొందరపడ్డది."

"అయ్యో, ఆవిడేనా?"

ఆ గొంతులోని నిరాశ అతనికి చల్లగా తగిలింది. ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే, సామాన్ల సంచీతో సంగీత నిలబడి ఉంది.

"నేనెప్పుడు తొందరపడ్డ?" అంది.

సంచీ దించి, డ్రమ్ము ఊడదీసి, తెగిన మొండెం మీద ఒక నట్టు నిలిపి వెల్డింగ్ చేసింది. చల్లారనిచ్చింది. నూనె చుక్కలు వేసి, స్పానర్‌తో పిసరంత ముందుకు, పిసరంత వెనక్కి తిప్పుతూ కూర్చుంది. అది రాకూడదని బీరన్న మనసులో ఒక మూల కోరుకున్నాడు. చేసింది తనే అయినా కోరుకున్నాడు. అరగంటకు మొండెం మొత్తం ఆమె చేతిలోకి వచ్చింది.

సాయంత్రం శ్రీనాథ్ వచ్చాడు. "మేడం, మీరు తొందరపడతారనుకోలేదు," అన్నాడు.

సంగీత చేతులు తుడుచుకుంది. "షూలు మార్చిన సార్. కొత్త స్క్రూ ఏసిన."

కాదనలేదు. ఆ నింద కూడా ఆమే మోస్తే ఈ షెడ్డులో తనకు మిగిలేదేమిటి? బీరన్న ముందుకొచ్చాడు.

"తెంపింది నేను సార్. ఆమె ముట్టొద్దని చెప్పే పోయింది. ఫోన్ల మీకు అబద్ధం చెప్పిన."

"ఎందుకండీ?"

"అందరు ఆమెనే అడుగుతున్నరు. కండ్లు మండినయ్."

శ్రీనాథ్ కారు వైపు చూశాడు. సంగీత మాత్రం భర్త ముఖంలోకి చూసింది.

"ఎక్కి పెడల్ తొక్కు," అంది. "బ్రేకు పైపులల్ల గాలి తియ్యాలె."

ఎక్కాడు. ఆమె చక్రం దగ్గర కూర్చుని "తొక్కు, పట్టు, ఇడువు" అంటుంటే అన్నట్టే చేశాడు. మెల్లగా పెడల్ గట్టిపడింది.

నడిపి చూడమని శ్రీనాథ్ తాళం సంగీత చేతిలోనే పెట్టాడు. బీరన్నకు మళ్లీ మండింది. అయినా వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు. మూసీ వంతెన దాకా పోయారు. ఆమె బ్రేకు వేసిన ప్రతిసారీ బండి ఏ పక్కకైనా లాగుతుందేమోనని చూశాడు. లాగలేదు.

"మంచిగ పడుతున్నయ్," అన్నాడు. ఆ మాట అనడానికి వంతెన దాకా పట్టింది.