కవరు తీయని రేకు

నా కొడుకు కోటేష్‌కి కొత్త వస్తువు మీద కవరు పీకాలంటే ప్రాణం మీదికొస్తుంది. ఫ్రిజ్ కొని నాలుగేళ్లైనా తలుపు మీద ప్లాస్టిక్ అలాగే ఉంది. పెళ్లికి కొన్న పరుపు కవరు కూడా తీయనివ్వలేదు. వాడు మంచం మీద అటూ ఇటూ దొర్లితే పక్క గదిలో నాకు చప్పుడు వినిపించేది. నా కోడలు అఖిల నవ్వి ఊరుకునేది. నేను ఊరుకునే రకం కాదు, తిట్టేదాన్ని. తిట్టీ తిట్టీ నా నోరే నొప్పెట్టింది.

కిందటేడు కళ్లంలో ఆరబోసిన మిరపకాయలు వానకు తడిసి బూజు పట్టాయి. అందుకని ఈసారి చేలో డ్రయ్యర్ షెడ్డు కట్టాడు. ఇనుప చట్రానికి చుట్టూ, పైనా దళసరి పాలికార్బొనేట్ ప్లాస్టిక్ రేకులు. గాజులా వెలుతురునిస్తాయి, గాజంత బరువుండవు. గుంటూరులో దుకాణంవాడు సుత్తి మా చేతికే ఇచ్చి కొట్టమన్నాడు. కొడితే సుత్తే ఎగిరి వెనక్కొచ్చింది. బిగించగానే కవరు పీకెయ్యండి, లేకపోతే ఎండకి అతుక్కుపోతుందని కూడా చెప్పాడు. మావాడు పైకప్పుకి మాత్రం పీకాడు, కాయలు ఎండాలి కాబట్టి. పక్క రేకులకి బయటివైపు తెల్ల కవరు అలాగే ఉంచేశాడు. పైగా దుమ్ము పడుతుందని దాన్ని రోజూ తువ్వాలుతో తుడిచేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం క్యారియర్ పట్టుకుని నేను వెళ్లేసరికి షెడ్డుకి తాళం వేసి ఉంది. ఊళ్లో కాయల దొంగతనాలు ఎక్కువయ్యాక వాడు ఎటు వెళ్లినా తాళం వేసే వెళ్తున్నాడు. వాడి బండి కనపడలేదు. అఖిల చెప్పులు మాత్రం అవతల వేపచెట్టు కింద ఉన్నాయి.

"అఖిలా!" అని కేకేశాను.

డ్రయ్యర్ ఫ్యాన్ల హోరులో ఏదో తట్టిన చప్పుడు వినిపించింది. షెడ్డు లోపలినుంచే.

వెనక ట్రేల దగ్గర కాయలు తిరగేస్తున్న మనిషిని చూసుకోకుండా తాళం వేసి పోయాడు. ఆ తెల్ల కవరులోంచి ఏం కనపడి చస్తుంది? మార్చి ఎండ, మిరప ఘాటు. తలుపు బార్లా తీసి పనిచేస్తేనే కళ్లు తిరుగుతాయి.

ఫోన్ చేశాను. పర్చూరు దారిలో బండి మీద ఉన్నాడేమో, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. కూలీలు భోజనాలకు పోయారు, కనుచూపు మేరలో మనిషి లేడు. గడ్డపార తెచ్చి తాళం మీద వేశాను. గడియ వంగింది గానీ ఊడలేదు. రేకు మీద వేశాను. సొట్ట పడింది, నా చేతులు ఝల్లుమన్నాయి, అంతే. దుకాణంవాణ్ణి, నా కొడుకుని, వాణ్ణి కన్న నన్నూ తిట్టుకుంటూ కొట్టాను. కొడుతుండగానే లోపల చప్పుడు ఆగిపోయింది.

"మాట్లాడవే తల్లీ! ఒక్క మాట మాట్లాడవే!" అని ఏడ్చాను.

ఎక్కడ పడిపోయిందో చూద్దామని గోళ్లతో కవరు పీకాను. పేలికలు పేలికలుగా వచ్చింది. మూల దగ్గర అది రేకుని బిగించిన పట్టీ కిందికి పోయి ఉంది. గట్టిగా లాగితే పట్టీ కదిలింది. రేకు పగలకపోతే పోయింది, దాన్ని పట్టుకున్నది ఈ పట్టీయే కదా! సందులో గడ్డపార మొన దూర్చి నా బరువంతా వేశాను. మరలు ఒక్కొక్కటే ఊడాయి. అంచు పట్టుకుని లాగితే అంత మొండి రేకూ చాపలా వంగింది.

వేడి ఆవిరి మొహాన కొట్టింది. నేను కొట్టిన చోటికి జానెడు దూరంలో పడి ఉంది అఖిల. కాళ్లు పట్టుకుని బయటికి ఈడ్చి, చెట్టు కిందికి చేర్చి, బిందెడు నీళ్లు కుమ్మరించాను. చాలాసేపటికి మూలిగింది.

అప్పుడొచ్చాడు కోటేష్. బండి దిగుతూనే, "రేకెవరు పీకారమ్మా?" అన్నాడు.

చెంప పగలగొట్టాను. అప్పుడు చూశాడు పెళ్లాన్ని.

సాయంత్రం చీరాల ఆస్పత్రిలో అఖిల కళ్లు తెరిచింది. వాడు మంచం పట్టుకుని ఏడ్చాడు. "నువ్వు లోపలున్నావని తెలీదే. ఒక్క కేక వెయ్యలేకపోయావా?"

"వేశాను." అంది అఖిల. "ఫ్యాన్ల చప్పుడు. మీరేమో ఫోన్లో మాట్లాడుతున్నారు. మీ నీడ కనపడితే పరిగెత్తుకొచ్చి, మీకెదురుగా అరచెయ్యి రేకుకి పెట్టి కొట్టాను. మీరు సరిగ్గా అక్కడే తువ్వాలుతో తుడిచి వెళ్లిపోయారు."

వాడి భుజం మీద ఆ తువ్వాలు ఇంకా ఉంది.