ఉరుము పంపిన పెద్దక్షరాలు

పొద్దున్నే రైల్వే స్టేషన్‌కి రాగానే ఉరుము చేసే మొదటి పని కుర్చీ మీద దుమ్ము దులపడం. ఆ తర్వాత పైకప్పు వైపు చెవి పెట్టి కాసేపు నిలబడతాడు. ఆపైన కంప్యూటర్ తెరిచి, తన మెయిలుకి ఇవాళా జవాబు రాలేదని రూఢి చేసుకుంటాడు. అవన్నీ అయ్యాక, విచారణ గదికి ఎదురుగా, పెద్ద ఇనప దూలం కింద దువ్వెనలూ రిబ్బన్లూ పరుచుకుంటున్న భార్య వంక చూసి చెయ్యూపుతాడు, లేచి వచ్చేయమని. ఆవిడ అటునుంచి తనూ చెయ్యూపుతుంది, పని చూసుకోమని. రోజూ ఇదే తంతు.

ఉరుమంటే ఇప్పటివాళ్లకి తెలియకపోవచ్చు. మైకుల్లేని రోజుల్లో ఆ స్టేషన్‌కి మైకు అతనే. "బండి బయల్దేరుతోంది" అని అతను కేకేశాడంటే డ్రైవర్‌కి ఇష్టమున్నా లేకపోయినా బండి బయల్దేరి తీరాల్సిందే. ఒకసారి తుమ్మితే రెండో ప్లాట్‌ఫాం మీద బండి మూడో ప్లాట్‌ఫాం మీదికి జరిగిందని చెప్పుకుంటారు. అది మాత్రం అబద్ధం, సగమే జరిగింది. ఆ కేక వినే అతని భార్య మనసు పారేసుకుందని జనం అంటారు. ఆవిడనడిగితే "మనసు కాదు, చెవులు పారేసుకున్నా" అంటుంది.

అంతటి గొంతులో గడ్డ లేచింది. డాక్టర్లు గడ్డ తీశారు, గొంతూ దాంతోనే పోయింది. ఇప్పుడు నోరు తెరిస్తే సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు హుస్సుమంటుంది. ఆ హుస్సులో ఏ మాటుందో భార్యకి తప్ప లోకంలో మరెవరికీ అందదు. స్టేషన్‌వాళ్లు మైకులు తగిలించి, అతన్ని విచారణ గదిలో, అద్దాల వెనక, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు.

గొంతు పోయాక చెవులు పదునెక్కాయి. దూలం మూలుగుతోందని అందరికన్నా ముందు అతనికే తెలిసింది. నడుం నొప్పున్న ముసలాయన మంచం మీద ఒత్తిగిల్లినట్టు, బండి వచ్చినప్పుడల్లా కిర్రుమనేది.

"లేవే అక్కణ్ణించి," అని భార్య దగ్గరకెళ్లి హుస్సుమన్నాడు.

"లేచి ఎక్కడికెళ్లను?"

"ఎక్కడికైనా. దూలం కూలేట్టుంది."

"నేనిటు లేస్తే సాక్సులాయన అటు గుడ్డ పరుస్తాడు. ఆఫీసువాళ్లు వేరే చోటు రాసిస్తే లేస్తా, అందాకా కదిలేది లేదు. అయినా ఇన్నేళ్లు నీ గొంతు కింద కూర్చున్నదాన్ని, ఈ దూలం నన్నేం చేస్తుందయ్యా? బీటలిచ్చిందంటే నీ అరుపులకే ఇచ్చుంటుంది."

పక్కనుంచి సాక్సులాయన "నిజమే వదినా" అని వంత పాడాడు.

ఉరుము మేడెక్కి స్టేషన్ పెద్దసారు గదికి వెళ్లాడు. పెద్దసారు చెడ్డవాడేం కాదు. కిటికీలోంచి తొంగిచూసి, "నిలబడే ఉంది కదయ్యా," అన్నాడు. ఉరుము చేతులు తిప్పాడు, హుస్సుమన్నాడు, దూలం పడ్డట్టు తనే నేల మీద పడి చూపించాడు. "ఏదున్నా మెయిలు పెట్టు. ఇక్కడ నోటిమాటకి విలువ లేదు," అన్నాడు పెద్దసారు. నోరున్నా మాటలేనివాడితో అన్న మాటది!

సరే, రాయడంలో మాత్రం తగ్గుతాడా? జాబితాలో ఉన్న ఫాంట్లన్నీ గాలించి, కోటగోడలకి సరిపడేంత దిట్టమైనది ఏరాడు. సైజు ఇక పెరగదని కంప్యూటర్ మొరాయించేదాకా పెంచాడు. రంగు ఎరుపు. "దూలం కూలుతోంది. బాగుచేయించండి. అందాకా దువ్వెనల కొట్టుకి వేరే చోటు ఇప్పించండి." మొదటి లైను తెర మీద ఏనుగుల గుంపులా నిలబడింది. ఎంటర్ నొక్కితే రెండో లైను పిల్లికూనలా వచ్చేది. దాన్ని పెంచితే మొదటిది తగ్గేది. బోనులో పులుల్ని ఆడించేవాడికి కూడా అంత చెమట పట్టి ఉండదు. చివరికి అన్నిటినీ ఒక వరసలో నిలబెట్టి పంపాడు.

అవి పెద్దసారు తెర మీదికి చీమలంతై చేరాయి.

ఆ స్టేషన్‌లో మరీ చిన్నబోయిన అక్షరాలు తెర మీద నిలవవు. ఒకదాని వెనక ఒకటి అంచుదాకా నడిచి, బల్ల దిగి, గోడ పట్టుకుని వెళ్లిపోతాయి. పెద్దసారు మంచినీళ్ల గ్లాసు మీద మూత పెట్టుకుని తన పని చూసుకునేవాడు. గది ఊడ్చే ఆవిడ మాత్రం గొణిగేది: "వచ్చినప్పుడే చదివేసుకోండి సార్. రోజూ ఎన్నని ఊడ్చను? చీపురుకి దొరక్కుండా కిటికీలోంచి ఆ దూలం మీదికెక్కి కూర్చుంటున్నాయి."

ఉరుము మళ్లీ పంపాడు, మళ్లీ పంపాడు. అతను అక్షరాల్ని ఎంత లావు చేస్తే అవక్కడ అంత చిక్కిపోయేవి. కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయిని పిలిపించాడు.

"బాబాయ్, రాసేటప్పుడు కనిపించేది మీకు కనిపించేది మాత్రమే," అంది ఆ అమ్మాయి.

ఉరుము హుస్సుమన్నాడు.

"అంటే ఏమిటని అడుగుతున్నాడమ్మా!" అని ఎదురు కొట్టులోంచి భార్య అరిచింది.

"మీరు వాడిన ఫాంటు ఆయన మెషీన్‌లో లేదు. సూటూ బూటూ వేసుకుని బయల్దేరిన మనిషి అక్కడికి పోయేసరికి, కొక్కేనికి ఏ చొక్కా వేలాడుతుంటే అది తొడుక్కోవాలి. అక్షరాలూ అంతే. అది ఇరుకు చొక్కా అయితే మనమేం చేస్తాం?"

"నువ్వే ఆయన మెషీన్ సరిచెయ్యమంటున్నాడు!"

"చెయ్యాలంటే ఆయన ఒప్పుకోవాలి పిన్నీ. ఒప్పుకోమని మెయిలే పెట్టాను." ఆ అమ్మాయి తల గోక్కుంది. "నా అక్షరాలూ దిగి వెళ్లిపోయాయి."

పోతూ పోతూ ఒక సలహా ఇచ్చింది: రంగూ సైజూ అన్నీ తీసేసి, ఒట్టి అక్షరాలు పంపి చూడమని. అంబారీ మీద ఊరేగినవాణ్ణి గాడిదెక్కమన్నట్టుంది ఉరుముకి. అయినా భార్య కోసం పళ్లబిగువున ఎక్కాడు. నగానట్రా లేని అక్షరాలు పంపాడు. పెద్దసారు తెర మీద వరసగా ఖాళీ డబ్బాలు కనిపించాయి, ఒక్క అక్షరం లేదు. ఆయన పాపం శ్రద్ధగా వాటిని చూసి, సామాన్ల విభాగానికి పంపించాడు. మర్నాడు అక్కణ్ణించి ఒకాయన తోపుడుబండితో వచ్చి, "డబ్బాలెక్కడ పెట్టావు, అన్నా?" అని ఉరుముని అడిగాడు.

ఆ రోజు ఉరుము ఏడ్చాడు. దానికీ చప్పుడు లేదు.

మర్నాడు మధ్యాహ్నం, పొడవాటి బండి ఒకటి వచ్చి ఆగింది. జనం బిలబిలమంటూ దిగారు. అప్పుడు దూలం ఎప్పుడూ లేని చప్పుడు చేసింది, గట్టి పన్ను చిగుళ్లలోంచి కదిలినట్టు. ఉరుము ఒక్క గెంతులో గుమ్మం దగ్గరికొచ్చాడు. ఎదురుగా పెట్టెలూ భుజాలూ గోడకట్టి ఉన్నాయి. దూరితే వెనక్కి నెట్టారు. మళ్లీ దూరాడు, మళ్లీ నెట్టారు. "జరుగు, జరుగు" అని ఎవరో విసుక్కున్నారు. ఒకప్పుడు అతను దగ్గితే ఆ జనం రెండుగా చీలి దారిచ్చేవాళ్లు. తలల మీదుగా రెండు చేతులూ ఎత్తి ఊపాడు, లేచిరా, లేచిరా అని.

దూలం కింద భార్య తలెత్తి చూసింది. నవ్వి, తనూ చెయ్యూపింది.

సరిగ్గా అప్పుడే స్తంభం మీదుగా అవి దిగడం మొదలెట్టాయి. అతను పంపిన అక్షరాలే. చీపురుకి దొరక్కుండా తప్పించుకున్నవి, ఇన్నాళ్లూ ఆ దూలం బీటల్లో తలదాచుకున్నవి, ఎర్రగా, ధారలా దిగి దువ్వెనల పళ్లలోకి దూరాయి, రిబ్బన్ల మీద పాకాయి, ఆవిడ మోచేతులెక్కాయి.

"ఛీ ఛీ! ఎవరి మెయిళ్లో, నా సరుకు మీదే పడి చావాలా!" అంటూ ఆవిడ గుడ్డ నాలుగు చెంగులూ పట్టి మూటగట్టి, దులపడానికి ఆరుబయటికి నడిచింది. సాక్సులాయన సాక్సుల్లోకీ దూరాయి. ఆయనా మూటెత్తుకుని వెనకే గెంతాడు. ఆ పక్కన బెంచీల మీద కూర్చున్నవాళ్లు కాళ్లు దులుపుకుంటూ లేచారు. దూలం కింద మనిషన్నవాడు మిగల్లేదు.

దూలం కూలింది.

దుమ్ములో ఏమీ కనపడలేదు. ఉరుము ఆ దుమ్ములోకి నోరు తెరిచి భార్యని పిలిచాడు, పిలిచాడు. హుస్సు, హుస్సు. వెనక గదిలో కంప్యూటర్ టింగుమంది. పెద్దసారు దగ్గర్నుంచి మొట్టమొదటి జవాబు: "మీ సందేశంలో అక్షరాలు సరిగా కనిపించడం లేదు. దయచేసి మళ్లీ పంపగలరు."

ఉరుము అది చూడలేదు. గుమ్మం పట్టుకుని, కళ్లు చిట్లించి దుమ్ములోకే చూస్తున్నాడు. ఎంతో సేపటికి అందులోంచి ఒక మూట, మూట వెనక ఒక మనిషి బయటపడ్డారు. జుట్టంతా సున్నం. ఆవిడ తిన్నగా అతని దగ్గరికి వచ్చి, మూట గుమ్మం పక్కన దించి, చెవిలో వేలు పెట్టి ఆడించుకుంది. వేలి చివర ఒక చిన్న ఎర్రటి అక్షరం ఇంకా కదులుతోంది.

"వస్తున్నానని చెయ్యూపాను కదయ్యా," అంది విసుగ్గా. "అంత గట్టిగా అరవాలా?"