పెన్సిల్ గుర్తు పెట్టిన చోట

పాలు పొంగేలోపు సంతకాలు పెట్టడం ఇంద్రజకు ఇరవై రెండేళ్ల అలవాటు. భర్త రామ్‌చందర్ కాగితాలు తెచ్చి పొయ్యి పక్కన గట్టు మీద పెట్టేవాడు. సంతకం చేయాల్సిన ప్రతిచోటా పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు ఉండేది. ఆమె తడిచేయి కొంగుకు తుడుచుకుని, గుర్తు కనిపించిన చోటల్లా పేరు రాసి, మంట తగ్గించేది. ఏం కాగితాలని పెళ్లయిన కొత్తలో ఒకసారి అడిగింది. "టాక్స్‌వి. నీకు సమజ్ కావు," అన్నాడు. కోపంగా ఏమీ అనలేదు. ఉప్పుడబ్బా ఇటివ్వు అన్నంత మామూలుగా అన్నాడు. అప్పటికే ఆమె యాకుత్‌పురా సర్కారు బడిలో సాంఘికశాస్త్రం టీచరు. ప్రశ్న రెండుసార్లు చదవనిదే జవాబు రాయొద్దని రోజూ పిల్లలకు చెప్పేది.

రామ్‌చందర్ పోయి ఎనిమిది నెలలైంది. ఈ ఉదయం గట్టు మీద మళ్లీ కాగితాలున్నాయి. పెట్టినవాడు మరిది నగేష్. ఈసారి గుర్తులు ఎర్రపెన్నుతో, కాగితం చిరిగేలా ఉన్నాయి.

"వదినా, టాక్సోళ్ల నోటీసు నీ పేరు మీద వచ్చింది. సర్కారు నౌకరి చేసేదానివి. సస్పెండ్ చేస్తరు, జైలు గూడ కావొచ్చు. వీటి మీద సంతకాలు పెట్టి రేపు పదింటికి రిజిస్ట్రాఫీసుకు రా. నోటీసు లొల్లి నేను చూసుకుంట. ఫికర్ జేయకు."

ఫికర్ చేయకుండా ఎలా ఉంటుంది? పన్నెండు రోజుల క్రితం ఆ నోటీసు వచ్చినప్పటి నుంచి ఆమెకు అన్నం సరిగా దిగడం లేదు. నగేష్ విప్పి చూసి ఇచ్చిన కవరును బియ్యం డబ్బాలో దాచింది. కొలతగిన్నె ముంచిన ప్రతిసారీ అది చేతికి తగిలేది. బడి గేటు దగ్గర జీపు ఆగితే చాక్‌పీసు జారిపోయేది. హాజరు పట్టీలో సంతకం చేయబోతే తన పేరే పరాయిదిలా కనిపించి చేయి ఆగేది. ఇన్నేళ్లలో దేని మీద పెట్టాను, ఎన్నిటి మీద పెట్టాను? అడుగుదామంటే చెప్పగలిగిన మనిషి లేడు. ఉన్నప్పుడు అడగలేదు.

ఆరోజు నోటీసునూ కాగితాలనూ సంచిలో వేసుకుని బడికి పోయింది. ఫిబ్రవరి వస్తే లెక్కల టీచరు వెస్లీ సార్ బడిలో అందరి ఇన్‌కంటాక్స్ ఫారాలూ నింపుతాడు. ఫీజు ఒక ఇరానీ చాయ్. లంచ్ గంటలో అందరూ లేచిపోయాక ఇంద్రజ ఆయన ఎదుట కూర్చుంది.

"మీరెన్నడూ నా తాన కూసోలే గద మేడమ్. మీవి మీ సారే చూస్తుండె."

"ఇప్పుడు లేరు గదా సార్," అంటూ కవరు తీసింది. కవరులోంచి రెండు బియ్యపు గింజలు బల్ల మీద రాలాయి.

ఆయన చదువుతుంటే ఆమె ఆయన కనుబొమలనే చూసింది.

"చాంద్రాయణగుట్టల మీ షాపు కిరాయి సంగతి మేడమ్. అండ్ల కిరాయికున్న మందుల దుకాణమోళ్లు కిరాయిలకెల్లి మీ పేరు మీద టాక్స్ పట్టి కట్టిన్రు. నిరుడు మీ రిటర్నుల ఆ కిరాయి చూపెట్టలే. గంతే."

"నాకు షాపు లేదు సార్."

"షాపు లేకుంటే కిరాయి ఎందుకిస్తరు మేడమ్, పుణ్యానికా?" నవ్వబోయిన వెస్లీ సార్ ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"జైలుకు..."

"జైలెక్కడిది! రిటర్ను సవరించి, తక్కువైన టాక్సు వడ్డితోని కడితే ఒడిసిపాయె."

"షాపు వేరేవాళ్లకు రాసిస్తే ఈ నోటీసు పోతుందా?" నగేష్ చెప్పిన రిజిస్ట్రాఫీసు గుర్తొచ్చి అడిగింది.

"ఎట్ల పోతది? ఇది నిరుటి కిరాయి లెక్క. ఎవరన్నరట్ల?"

ఆమె నోటీసు మడిచి కవరులో పెట్టుకుంది. ఆయన చాయ్ చల్లారిపోయింది.

సాయంత్రం పిల్లలందరూ వెళ్లాక, ఎనిమిదో తరగతి గదిలో ఆఖరి బెంచీ మీద కూర్చుని నగేష్ ఇచ్చిన కాగితాలు చదివింది. దానపత్రం. చాంద్రాయణగుట్టలోని నా దుకాణమును, ప్రేమాభిమానముల కొద్దీ, ఎవరి బలవంతమూ లేకుండా, నా మరిది నగేష్‌కు... పక్కనే ఎర్ర ఇంటూ. రెండోసారి చదివింది. కిరాయి పడే ఖాతా ఏదో కూడా అప్పుడు అర్థమైంది. తన పేరున తెరిచిన ఆ ఖాతా చెక్కుబుక్కు ధూల్‌పేట్‌లో అన్నదమ్ములు నడిపిన రంగుల దుకాణం గల్లాపెట్టెలో ఉంటుంది. దాంట్లో ప్రతి ఆకు మీదా తన సంతకం ఎప్పుడో అయిపోయింది, పాలు పొంగేలోపు.

ఆయన తన పేరున ఎందుకు కొన్నాడు? టాక్సు తగ్గుతుందనా, తర్వాత ఆమెకో ఆధారం ఉంటుందనా? ఇరవై రెండేళ్ల కాపురంలో ఈ ఒక్క ప్రశ్నకు జవాబు ఎక్కడా దొరకలేదు. నోటీసు భయం తగ్గింది. దాని చోట ఇంకో భయం వచ్చి కూర్చుంది. ఉంటున్న ఇల్లు అత్తగారిది. సంతకం పెట్టకపోతే, రేపు పదింటి తర్వాత ఆ ఇంట్లో తన కంచం ఎక్కడ?

తెల్లవారింది. పాలు పొయ్యి మీద ఉన్నాయి. నగేష్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, బండి తాళం వేలికి తిప్పుతూ వంటింటి గడపలో నిలబడ్డాడు.

"అయినయా వదినా?"

"చదివిన, నగేష్."

తాళం తిరగడం ఆగింది.

"చదివేదేముంది అండ్ల, పెట్టేదే గద," వెనకనుంచి అత్త నాగమణమ్మ అంది. "టాక్సు కోసమని మావోడు పేరుకు నీ పేరు పెట్టిండు. పేరు పెట్టంగనే నీదైతదా? పిల్లా జెల్లా లేనిదానివి, దుకాణం నెత్తిన వెట్టుకొని పోతవా?"

అయితే ఈ ఇంట్లో తనకు తప్ప అందరికీ తెలుసు.

గిన్నెలో పాలు అంచుదాకా లేచాయి. అలవాటు కొద్దీ చేయి పొయ్యి వైపు పోయి, సగంలో ఆగింది. ఆ చేత్తోనే సంతకం లేని కాగితాలు మడిచి నగేష్ చేతిలో పెట్టింది.

"పాలు! పాలు పొంగుతున్నయే!" అత్త అరిచింది. ఇంద్రజ అటు తిరగలేదు.

"చాంద్రాయణగుట్టకు ఏ బస్సు పోతది, నగేష్?" సంచి భుజానికి తగిలించుకుంటూ అడిగింది.

"ఎందుకు?"

"నా దుకాణం ఒక్కసారి గూడ చూడలే."